దక్కను దారులు – 9: పడమటికి తిరిగిన పదిమంది

పోయిన భాగంలో మచిలీపట్నం రేవు నుంచి ఎర్రసముద్రం దాకా వెళ్ళాం. కుతుబ్‌షాహీల ఓడలు కలంకారీ గుడ్డలతో పాటు మక్కాకు పోయే హాజీలనూ ఎక్కించుకునేవని, సరుకు సొమ్మూ దైవభక్తీ ఒకే తెరచాప కింద ప్రయాణం చేసేవని చెప్పుకున్నాం. ఈసారిది ఎదురుదారి. సముద్రాల అవతలి నుంచి గోల్కొండ వజ్రాలను వెతుక్కుంటూ వచ్చిన యూదుల కథ. వాళ్ళు ఇక్కడ గుడి కట్టలేదు. కొండ మీద జెండా పాతలేదు. అయినా దేవుణ్ణి వెంటబెట్టుకునే తిరిగారు. ఎలాగన్నదే ఈ భాగం.

శంషాబాద్ నుంచి చూస్తే

ఒకప్పుడు నిజాంల కాలపు పాయెగా అమీర్ల పేరు మోసిన ఊరు శంషాబాద్. 2008 మార్చిలో అక్కడ విమానాశ్రయం తెరిచాక తెలంగాణ యాత్రికులకు అదే రేవైంది. ఇహ్రాం బట్టల్లో హజ్‌కు వెళ్ళేవాళ్ళు అక్కడినుంచే ఎగురుతారు. కాశీకి విమానంలో వెళ్ళొద్దామనుకునే పెద్దవాళ్ళదీ అదే గేటు. చుట్టుపక్కల చూస్తే అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి పాతది. ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం కొత్తది. జెరూసలేం టూర్‌కు వెళ్ళే తెలుగు క్రైస్తవులూ మెడలో ఐడీ కార్డులు, నెత్తిన ఒకే రంగు టోపీలతో ఇక్కడే వరస కడతారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ యాత్రకు డబ్బు సాయం కూడా చేసింది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకు ఆ సాయాన్ని 2019లో 40 వేల నుంచి 60 వేల రూపాయలకు పెంచింది.

ఆ టూర్‌లో బెత్లెహేము, గలిలయ సముద్రం, యొర్దాను నది అయ్యాక బస్సు ఒక పెద్ద రాతిగోడ దగ్గర ఆగుతుంది. నల్లకోట్లు వేసుకున్న మగవాళ్ళు ఆ గోడకు నుదురు ఆనించి ఊగుతూ ప్రార్థన చేస్తుంటారు. రాళ్ళ సందుల్లో మడిచిన చీటీలు కుక్కి ఉంటాయి. మనవాళ్ళూ ఓ చీటీ రాసి పెడతారు. పిల్లకు పెళ్ళి కావాలనో, కొడుక్కి వీసా రావాలనో.

అది యూదుల పడమటి గోడ. దానికోసం ఏడ్చిన జాతివాళ్ళే మూడున్నర శతాబ్దాల కిందట మన గనుల దారుల్లో గుర్రాల మీద తిరిగారు.

గుడి పోయాక మిగిలిన గోడ

యూదులకు గుడి ఒక్కటే. ఊరికో గుడి, వీధికో దేవుడు మనకు మామూలు. వాళ్ళ ధర్మంలో బలి ఇవ్వదగిన చోటు జెరూసలేం కొండ మీది ఆలయం తప్ప మరోటి లేదు. ఏడాదికి మూడు పండగలకు దేశం నలుమూలల నుంచి జనం అక్కడికి నడిచి వెళ్ళేవారు. క్రీస్తు పుట్టుకకు ముందు హేరోదు రాజు ఆ గుడిని మహా వైభవంగా విస్తరించి, కొండ చుట్టూ ఆనకట్టలాంటి గోడలు లేపాడు. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం గుడిని తగలబెట్టింది. ఆనకట్టు గోడల్లో పడమటి వైపుది నిలిచింది. క్రీ.శ. 135లో మరో తిరుగుబాటు అణిగాక హేడ్రియన్ చక్రవర్తి యూదులను నగరంలోకే రానివ్వలేదు. ఆ తర్వాతి కాలంలో ఏడాదికి ఒక్కరోజు వచ్చి ఏడ్చి పోవడానికి అనుమతి దొరికింది. అది ఆలయం కూలిన తిథి. వాళ్ళ అవ్ నెల తొమ్మిదో రోజు. నేటికీ ఆ రోజు ఉపవాసం ఉండి, చెప్పులు విడిచి, నేలమీద కూర్చుని విలాపవాక్యాలు చదువుతారు.

ఉన్న ఒక్క గుడీ పోతే ఏ మతమైనా అక్కడితో ఆగిపోవాలి. ఆ జాతి పండితులు అలా ఆగనివ్వలేదు. ఆలయంలో రోజూ జరిగే బలుల వేళలనే ప్రార్థన వేళలు చేశారు. బలి పోయి మాట వచ్చింది. పూజారి పోయి పదిమంది వచ్చారు. వయసొచ్చిన పదిమంది మగవాళ్ళు ఒకచోట చేరితే చాలు, అది ప్రార్థన సభే. దాన్ని మిన్యాన్ అంటారు. గోదాము కావచ్చు, ఓడ మీది తట్టు కావచ్చు, అద్దె ఇంటి వసారా కావచ్చు. పదిమందీ జెరూసలేం వైపు తిరగాలి, అంతే. బైబిలు చదివిన తెలుగువాళ్ళకు దానియేలు కథ గుర్తుండే ఉంటుంది. పరాయి దేశంలో చెరలో ఉండి కూడా మేడగదిలో యెరూషలేము వైపు కిటికీలు తెరిచి రోజుకు మూడుసార్లు మోకరించాడు. ఆ కిటికీయే వాళ్ళ ఊరూరి గుడి అయింది.

అందుకే జర్మనీలోని యూదుడు తూర్పుకు తిరిగి ప్రార్థిస్తాడు. మన దేశంలో ఉన్న యూదుడు పడమటికి తిరుగుతాడు. హైదరాబాదులో నిలబడితే జెరూసలేం పడమరకు కాస్త ఉత్తరంగా పడుతుంది. పొద్దున్నే లేచి తూర్పుకు తిరిగి సూర్యుడికి దణ్ణం పెట్టే ఊళ్ళో వీపు సూర్యుడికి పెట్టి ప్రార్థించే మనిషి వింతగానే కనపడి ఉంటాడు. కానీ గోల్కొండలో ముసల్మాన్ల నమాజు దిక్కు కిబ్లా కూడా దాదాపు అటే. ఆ రాజ్యంలో పడమటికి తిరిగి దేవుణ్ణి తలుచుకునేవాళ్ళకు కొదవ లేదు.

గోడ సంగతికొస్తే, మధ్యయుగాల్లో చాలాకాలం యూదు యాత్రికులు ఎదురుగా ఉన్న ఒలీవల కొండ మీద నిలబడి ఆలయస్థలాన్ని చూసి ఏడ్చేవారు. 1517లో జెరూసలేం ఒట్టొమన్ తుర్కుల చేతికొచ్చింది. సుల్తాన్ సులేమాన్ నగరప్రాకారాలు కొత్తగా కట్టించిన ఆ శతాబ్దంలోనే పడమటి గోడ ప్రార్థనకు స్థిరమైన చోటయింది. ఇవాళ కనిపించే విశాలమైన ముంగిలి 1967 తర్వాతిది. అంతకుముందు ఇళ్ళ మధ్య సందు, నాలుగు మీటర్ల వెడల్పు. హెబ్రోనులో అబ్రాహాము, శారా సమాధులున్న గుహకూ, బెత్లెహేము దగ్గరి రాహేలు సమాధికీ కూడా యాత్రికులు పోయేవారు. పిల్లలు లేని ఆడవాళ్ళు రాహేలు సమాధి చుట్టూ ఎర్రదారం చుట్టి తెచ్చి చేతికి కట్టుకునే ఆచారం ఇప్పటికీ ఉంది. మన దర్గాల దగ్గర కట్టే తాడు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

నిప్పు వెనక నుంచి తరిమితే

1492లో స్పెయిన్ తన యూదులను వెళ్ళగొట్టింది. చాలామంది పక్కనున్న పోర్చుగల్‌కు పారిపోయారు. 1497లో పోర్చుగల్ రాజు ఉన్నవాళ్ళందరికీ బలవంతంగా బాప్తిస్మం ఇప్పించాడు. పైకి క్రైస్తవ పేర్లు, ఆదివారం చర్చి. శుక్రవారం రాత్రి తలుపులు మూసి దీపం. ఈ రెండు బతుకుల వాళ్ళు కొందరు పోర్చుగీసు ఓడల మీద గోవాకు వచ్చి చేరారు. అక్కడైనా ఊపిరి పీల్చుకుందామనుకుంటే 1560లో ఇన్‌క్విజిషన్ అనే మతవిచారణ అక్కడికీ వచ్చింది. శనివారం శుభ్రమైన చొక్కా వేసుకున్నా, పంది మాంసం తినకపోయినా విచారణే.

గార్సియా ద ఓర్తా వాళ్ళలో ఒకడు. 1534లో గోవా చేరిన వైద్యుడు, అహమ్మద్‌నగర్ సుల్తాన్ బుర్హాన్ నిజాంషాకు వైద్యం చేసినవాడు. భారతదేశపు మూలికల మీద 1563లో గోవాలోనే అచ్చయిన ఆయన పుస్తకంలో వజ్రాల మీద కూడా ఒక అధ్యాయం ఉంది. దక్కను గనుల ముచ్చట్లు యూరప్ చదువరులకు అందించిన తొలితరం రాతల్లో అదొకటి. ఆయన 1568లో మంచం మీదే పోయాడు. మరుసటి ఏడాది ఆయన చెల్లెలు కాతరీనాను యూదురాలని సజీవంగా కాల్చారు. 1580లో ఓర్తా ఎముకలను సమాధిలోంచి తవ్వి తీసి మరీ తగలబెట్టారు. చచ్చినా వదలని పగ అంటే అది.

తరిమిన కొద్దీ ఆ జనం ఉత్తరానికీ తూర్పుకూ పాకారు. ఇటలీలోని లివోర్నో రేవు పాలకులు 1590లలో యూదులకు అభయపత్రాలిచ్చారు. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళను బహిరంగంగా ప్రార్థించుకోనిచ్చింది. 1675లో అక్కడ వాళ్ళ మహామందిరం లేచింది. 1656 నుంచి లండన్ కూడా తలుపు ఓరగా తెరిచింది. అక్క ఒక ఊళ్ళో, బావమరిది ఇంకో ఊళ్ళో, మేనల్లుడు మూడో రేవులో. చెదిరిన కుటుంబమే నమ్మకమైన వ్యాపార జాలం అయింది. చూడకుండా సరుకు పంపాలంటే, కాగితం మీద సంతకాన్ని నమ్మి డబ్బివ్వాలంటే అవతలి ఒడ్డున సొంతమనిషి ఉండాలి కదా.

హైదరాబాదులో ఒక దిగంబరి

ఐరోపా యూదుల కంటే ముందే పర్షియా వైపు నుంచి ఒకడు హైదరాబాదులో అడుగుపెట్టాడు. కాషాన్‌కు చెందిన సర్మద్. పుట్టుక యూదుల ఇంట, చదువు ముసల్మాన్ పండితుల దగ్గర, వృత్తి వర్తకం. సింధులోని థట్టా నగరంలో అభయచంద్ అనే హిందూ కుర్రాడి మీద ప్రేమతో సరుకూ బట్టలూ అన్నీ వదిలేశాడు. అప్పటినుంచి దిగంబరంగా తిరిగాడు. ఆ కుర్రాడికి హీబ్రూ గ్రంథాలు నేర్పాడు.

మతాలన్నిటి గురించీ పారశీకంలో రాసిన ‘దబిస్తాన్’ అనే గ్రంథం ఉంది. దాన్ని రాసినాయన 1647లో సర్మద్‌ను కలిసింది మన హైదరాబాదులోనే. ఆ పుస్తకంలోని యూదుమత అధ్యాయానికి సర్మద్ చెప్పిన మాటలే ఆధారం. అభయచంద్ పారశీకంలోకి దింపిన ఆదికాండం మొదటి భాగాన్ని కూడా అందులో చేర్చారు. అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడిలో చార్మినార్ నీడన ఒక యూదు సన్యాసి, ఒక హిందూ శిష్యుడు, ఒక పారశీక జిజ్ఞాసి కూర్చుని సృష్టి ఎలా మొదలైందో మాట్లాడుకున్నారన్నమాట.

ఇక్కడి నుంచి సర్మద్ ఢిల్లీ చేరి మొగల్ యువరాజు దారా షికోకు ఆప్తుడయ్యాడు. దారా ఓడిపోయాక ఔరంగజేబు హయాంలో అతనికి మరణశిక్ష పడింది. అతని ఎర్రసమాధి ఢిల్లీ జామా మసీదు తూర్పు మెట్ల దగ్గర ఉంది. దానికి హిందువులూ ముసల్మాన్లూ మొక్కుతారు. యూదుల ఇంట పుట్టినవాడి సమాధి అలా అందరి మొక్కుబడి అయింది. కానీ సర్మద్ ఒంటివాడు. సమాజంగా, లెక్కలతో, కుటుంబాలతో వచ్చినవాళ్ళ దారి వేరు.

పగడాలకు వజ్రాలు

తెలుగింటి ఆడవాళ్ళ మెడలో పగడాలు ఉండాలి. నల్లపూసల మధ్య పగడం, నవరత్నాల ఉంగరంలో కుజుడికి పగడం, పుట్టిన బిడ్డ చేతికి పగడం. మంచి ఎర్ర పగడం దొరికేది మధ్యధరా సముద్రం అడుగున. దాన్ని తీయించి, సానబట్టి, పూసలు గుచ్చి అమ్మే వ్యాపారంలో లివోర్నో యూదులది పైచేయి. మనకు కావలసింది వాళ్ళ దగ్గర ఉంది. వాళ్ళకు కావలసింది మన కృష్ణ ఒడ్డున ఉంది.

మధ్యలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కూర్చుంది. 1639లో దామర్ల నాయకుల దగ్గర చెన్నపట్నం తీరం సంపాదించి కోట కట్టింది. మిరియాలూ గుడ్డలూ తన గుత్తాధిపత్యం అంది. వజ్రాల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడింది. వజ్రం జేబులో పడుతుంది, కొల్లాయిలో దాక్కుంటుంది, కాపలా పెట్టి పట్టుకోలేం. దొంగగా ఎలాగూ జరిగేదాన్ని రుసుం తీసుకుని ఒప్పుకోవడం నయమని లండన్ పెద్దలు లెక్క వేశారు. అలా యూదు వర్తకులకు అనుమతి దొరికింది. వాళ్ళు వెండి, పగడాలు పంపాలి, కంపెనీ ఓడకు కిరాయి కట్టాలి, వజ్రాలు తీసుకుపోవాలి.

ఈ ఏర్పాటు అందరికీ మింగుడు పడలేదు. కోటలోని కంపెనీ ఉద్యోగులు చాటుమాటుగా సొంత వజ్రాల బేరాలు చేసుకునేవాళ్ళు. యూదుడికి ఎవరు ఎంతకు అమ్మారో వాళ్ళకు లెక్క. పక్కనే శాంథోమ్‌లో పోర్చుగీసు పాదిరీలు. గోవా పొగ వాసన వాళ్ళ బట్టలకు అంటే ఉంది. మచిలీపట్నంలో డచ్చివాళ్ళు, గోల్కొండ దర్బారులో పారశీక అమీర్లు, గనుల దగ్గర తరతరాలుగా పాతుకున్న గుజరాతీ వర్తకులు. కోటకూ ఊరికీ మధ్య తెలుగు దుబాసీలు, కోమట్లు. అందరితోనూ బేరం కుదరాలి, ఎవరితోనూ పూర్తిగా కలవకూడదు.

1684 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్ పోర్చుగీసు యూదు జాక్ ద పైవా భార్య హియెరోనిమాతో చెన్నపట్నంలో దిగాడు. బార్తలోమ్యూ రోడ్రిగ్స్ లాంటివాళ్ళు ఇంకొందరు ఉన్నారు. 1688లో మద్రాసు నగర పాలక మండలి ఏర్పడ్డప్పుడు పన్నెండుమంది ఆల్డర్‌మన్‌లలో యూదు వర్తకులకూ కుర్చీలు దక్కాయి. అప్పటి లండన్‌లో యూదుడికి అలాంటి కుర్చీ కలలోని మాట. చెన్నై జార్జిటౌన్‌లో పగడాల వర్తకుల వీధి ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది.

గని ఊరి చెట్టు కింద

చెన్నపట్నం నుంచి కొల్లూరు వజ్రాల గనికి దాదాపు 400 కిలోమీటర్లు. నెల్లూరు దాటాలి, గుండ్లకమ్మ దాటాలి, కృష్ణ ఒడ్డుకు చేరాలి. ఎండాకాలం పోతే వడగాలి, వానాకాలం పోతే ఏరు. 17వ శతాబ్దం మధ్యలో ఆ గనిని చూసిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అక్కడ మగా ఆడా పిల్లా కలిసి 60 వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వేవాళ్ళు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవాళ్ళు. ఆ మట్టిని నీళ్ళలో కలిపి, ఆరబెట్టి, చేటలతో చెరిగి, చేత్తో వెతికేవాళ్ళు. ఇవాళ కొల్లూరు పులిచింతల జలాశయం నీళ్ళ అడుగున ఉంది.

తవ్వకం మొదలుపెట్టే రోజు జరిగే తంతును కూడా తావెర్నియే వివరంగా చెప్పాడు. ఒక చిన్న రాతి దేవతను నిలబెట్టి అందరూ సాష్టాంగపడేవారు. పూజారి ఒక్కొక్కరి నుదుట బొట్టు పెట్టి దానిమీద ఏడెనిమిది బియ్యపు గింజలు అంటించేవాడు. తర్వాత స్నానాలు, ఆపైన వరసల్లో కూర్చుని విస్తళ్ళలో అన్నం, కరిగించిన నెయ్యి, చక్కెర. వజ్రం దొరికేది కూలీకి కాదు. అయినా మొక్కేది కూలీయే.

బేరం చూడముచ్చట. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా బాసీపట్లు వేసి కూర్చునేవారు. నడికట్టు గుడ్డ విప్పి దానికింద చేతులు కలిపేవారు. పెదవి కదపరు, కనుబొమ మెదపరు. చెయ్యి మొత్తం పట్టుకుంటే వెయ్యి, ఎన్నిసార్లు నొక్కితే అన్ని వేలు. ఒక్క వేలు పట్టుకుంటే వంద, సగం వేలైతే యాభై, వేలి కొస పట్టుకుంటే పది. చుట్టూ వందమంది ఉన్నా ధర ఇద్దరికే తెలుసు. మన సంతల్లో పశువుల బేరగాళ్ళు తుండుగుడ్డ కింద ఇలాగే వేళ్ళు నొక్కుకుంటారు. ఇంకో గని ఊళ్ళో పొద్దున్నే వర్తకుల కొడుకులు, పది పదిహేనేళ్ళ కుర్రాళ్ళు, ఊరి మధ్య చెట్టు కింద తక్కెడలు, వరహాల సంచులతో కూర్చునేవారట. చిన్నరాళ్ళు కొనే పని వాళ్ళదే. కొన్న ప్రతి రాయి మీదా నూటికి రెండు రాజుకు సుంకం.

ఈ చెట్టు కిందికి పడమటి నుంచి వచ్చిన యూదుడు ఏం చేసి ఉంటాడు? బేరం అందరిలాగే నేర్చుకోవచ్చు. దేవుడి దగ్గరే ఇబ్బంది. ఒక్కడుగా రోజువారీ ప్రార్థన చెయ్యొచ్చు, పడమటికి తిరిగితే చాలు. కానీ ధర్మగ్రంథపు చుట్ట విప్పి సభలో చదవాలంటే పదిమంది కావాలి. పోయినవాళ్ళ కోసం కొడుకు చెప్పాల్సిన కద్దిష్ చెప్పాలన్నా పదిమంది కావాలి. గని దగ్గర ఒకరో ఇద్దరో ఉంటారు, మిగతావాళ్ళు కోటలో ఉంటారు. శుక్రవారం పొద్దుగుంకింది మొదలు శనివారం చీకటి పడేదాకా బేరం కూడదు, డబ్బు ముట్టకూడదు. సంత మటుకు శనివారం ఆగదు. వాళ్ళ మతానికి గుడి అక్కర్లేదు గానీ మనిషి కావాలి. వజ్రాల వేట ఆ మనిషినే ఒంటరిగా అడవికి తరిమింది.

1687

ఆ ఏడాది తెలుగుదేశానికి గోరుచుట్టు మీద రోకటిపోటు. అంతకు ముందటి ఏడు గోల్కొండ మంత్రులు మాదన్న, అక్కన్నలను హైదరాబాదు వీధుల్లో నరికి చంపారు. 1687 మొదట్లో ఔరంగజేబు స్వయంగా వచ్చి గోల్కొండను చుట్టుముట్టాడు. ఎనిమిది నెలల ముట్టడి. వానలు తప్పాయి, గింజ దొరకలేదు, కరువు వెంట జబ్బులు వచ్చాయి. కోట గోడ లోపలా బయటా శవాలే. చివరికి సెప్టెంబరులో ఫిరంగులు పగలగొట్టలేని తలుపును లంచం తెరిచింది. గోల్కొండ సుల్తాన్ తానాషా బందీగా దౌలతాబాద్‌కు పోయాడు.

సరిగ్గా ఆ ఏడే పైవా గనుల ప్రయాణం పెట్టుకున్నాడు. రాజ్యం కూలుతుంటే వజ్రాలు చవకగా చేతులు మారతాయి. వర్తకుడి కన్ను అటే పోతుంది. ఆ యాత్రలో జబ్బుపడ్డాడు. ఆ ఏడాదే పోయాడు. చెన్నపట్నం పెద్దనాయకన్‌పేటలో యూదుల కోసం తాను సంపాదించిన శ్మశానంలోనే అతన్ని పూడ్చారు.

ఇక్కడ కాస్త ఆగాలి. చెన్నపట్నం చేరిన యూదులు ముందుగా తమకంటూ గట్టిగా సంపాదించుకున్న చోటు అదే. వాళ్ళ ధర్మంలో శవాన్ని దహించకూడదు, ఆలస్యం చెయ్యకూడదు, పరాయి మతపు నేలలో కలపకూడదు. సమాధి శాశ్వతం, ఎముక కదపకూడదు. ప్రార్థనకు అద్దె ఇల్లు సరిపోతుంది, చావుకు సొంత నేల కావాలి. ఓర్తా ఎముకల కథ తెలిసినవాళ్ళకు ఆ సొంత నేల విలువ ఇంకా బాగా తెలుసు. ఇక్కడ వాళ్ళ తీర్థం ఏదైనా ఉందంటే అది ఆ నాలుగు గోడల మధ్య నేలే. చూడవచ్చినవాళ్ళు పూలు పెట్టరు, సమాధి మీద చిన్న గులకరాయి పెట్టి పోతారు. అయిదేళ్ళకు రోడ్రిగ్స్ కూడా అక్కడికే చేరాడు.

హియెరోనిమా కథ వేరే దారి పట్టింది. 1687లోనే మద్రాసు గవర్నరైన ఎలీహూ యేల్ ఇంటికి ఆమె చేరింది. వాళ్ళకు ఒక కొడుకు పుట్టాడు. యేల్ భార్య కేథరిన్ ఇంగ్లండు వెళ్ళిపోయింది. కోటలో గుసగుసలకు అంతు లేదు. అవినీతి ఆరోపణల మధ్య 1692లో యేల్ పదవి పోయింది. వజ్రాల మీద సంపాదించిందాంట్లోంచి 1718లో అమెరికాలోని ఒక చిన్న బడికి పుస్తకాలూ సరుకుల మూటలూ పంపాడు. ఆ బడి అతని పేరు పెట్టుకుంది. అదే యేల్ విశ్వవిద్యాలయం. కృష్ణ ఒడ్డున చేటలతో చెరిగిన మట్టికి అందులో వాటా ఉంది.

పద్దెనిమిదో శతాబ్దంలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాయి, మన గనులు తగ్గాయి. చెన్నపట్నం యూదులూ పల్చబడ్డారు. నగరం పెరిగి పాత శ్మశానం చోటు మారింది. మిగిలిన కొన్ని సమాధిరాళ్ళు ఇవాళ చెన్నై లాయిడ్స్ రోడ్డు మీద ఒక చిన్న ఆవరణలో ఉన్నాయి. పదిమంది లేనిచోట మందిరం నిలవదు. ఈ సూత్రమే వాళ్ళను ఎక్కడికైనా వెళ్ళనిచ్చింది. అదే సూత్రం వాళ్ళ ఆనవాళ్ళను తుడిచేసింది కూడా.

చేబ్రోలు పక్కన

అంతటితో తెలుగునేల మీద హీబ్రూ మాట ఆగిపోయిందా అంటే లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో సుమారు నలభై కుటుంబాలు తమను బెనే ఎఫ్రాయిం అని చెప్పుకుంటాయి. వజ్రాల వర్తకులకూ వీళ్ళకూ సంబంధం లేదు. వీళ్ళు మాదిగ కుటుంబాలు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు వచ్చాక చాలామందిలాగే క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళు. ఇశ్రాయేలు పోగొట్టుకున్న పది గోత్రాల్లో ఎఫ్రాయిం గోత్రం వాళ్ళమని వీళ్ళ పెద్దలు చెబుతారు. చచ్చినవాళ్ళను పూడ్చడం, ఎద్దుమాంసం తినడం లాంటి తమ పాత అలవాట్లను అందుకు గుర్తులుగా చూపిస్తారు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే సోదరుల చొరవతో 1991లో అక్కడ ప్రార్థనా మందిరం వెలిసింది. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించి, శనివారం పని మాని, హీబ్రూ తెలుగు కలిపి ప్రార్థిస్తారు.

ఇజ్రాయెల్ ప్రభుత్వం వీళ్ళను యూదులుగా గుర్తించలేదు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు ఊళ్ళో గడిపి 2013లో వీళ్ళ మీద ఒక పుస్తకమే తెచ్చారు. గోత్రం నిజమా కాదా అన్నదాని కంటే, కులం పెట్టిన చోటు నచ్చని మనుషులు తమ చరిత్రను తామే రాసుకోవడం అందులో వాళ్ళు పట్టుకున్న విషయం. పైవా లాంటివాడు, పెద్దలు మతం దాచుకోవలసి వచ్చిన జనంలోంచి ఇక్కడికి వచ్చాడు. కొత్తరెడ్డిపాలెం జనం ఇక్కడే ఉండి మతం ప్రకటించుకున్నారు. ఇద్దరికీ కావలసినవి ఒకటే. కూడుకునే పదిమంది, పడమటి వైపు చూపు, చివరికి సొంతమైన ఇంత నేల.

శంషాబాద్‌లో విమానం ఎక్కే యాత్రికుడు గోడ దగ్గరికి పోయి చీటీ పెట్టి రాగలడు. అప్పటి వజ్రాల వర్తకుడికి ఆ వెసులుబాటు లేదు. గోడ ఉన్న వైపు తెలిస్తే అతనికి సరిపోయింది. తెలుగు గడ్డ మీద అతని పుణ్యక్షేత్రం మనకు కనపడకపోవడానికి కారణం అదే.

యూదులు వెళ్ళిపోయారు సరే, మరి వాళ్ళతో పక్కపక్కనే పోటీపడ్డ ఆర్మీనియన్ల సంగతేమిటి? 1688లో ఈస్టిండియా కంపెనీతో ఏకంగా ఒడంబడికే రాయించుకున్న గట్టివాళ్ళు వాళ్ళు. పర్షియా నుంచి పట్టు, ఇక్కడి నుంచి వజ్రాలు, ఎక్కడికి పోయినా ఒక చర్చి. హైదరాబాదు పాతబస్తీ అంచున ఉప్పుగూడలో వాళ్ళ శ్మశానం ఉంది. పదిహేడో శతాబ్దపు రాళ్ళ మీద ఆర్మీనియన్ అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఔరంగజేబు సైన్యం వచ్చినప్పుడు వాళ్ళు ఎవరి పక్షాన నిలబడ్డారు, గోల్కొండ పోయాక వ్యాపారాన్ని ఎలా నిలబెట్టుకున్నారు, యూదులు చెదిరినచోట వాళ్ళు ఎందుకు పాతుకున్నారు? ఈ లెక్కలు వచ్చే భాగంలో విప్పుదాం.